జాబితాలో లేని తిట్టు

మా పక్కింటి మేరీరాణి ఉద్యోగం గురించి చెబితే ఎవరైనా నవ్వుతారు. పాత బెంగాలీ సీరియళ్లను టీవీలో మళ్లీ వేసేముందు, వాటిలోని బూతులు వినబడకుండా చేయడం ఆమె పని. పొద్దస్తమానం తిట్లు వినడానికి జీతమన్నమాట. "మన కుళాయి దగ్గర కూర్చుంటే ఊరికే వినొచ్చు కదే" అని నేనూ ఏడిపించినదాన్నే.

మేముండే కలకత్తాలోనే, టాలీగంజ్‌లో చిన్న స్టూడియో. ఛానల్ వాళ్లు నూట పన్నెండు మాటల జాబితా ఇచ్చారు. ఆ మాట రాగానే శబ్దం తీసేయాలి. ఎక్కడ తీసిందీ, ఎందుకు తీసిందీ కాగితం మీద రాయాలి. సొంత తెలివి వాడకూడదు. నాలుగేళ్లూ మేరీరాణి వాడలేదు.

తల్లి గురవమ్మ కార్పొరేషన్‌లో రోడ్లు ఊడుస్తుంది. ఓ మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి టీవీ పెట్టింది. కూతురికి ఆవేళ సెలవు. సీరియల్లో ఊడ్చే మనిషి ఒకామె ఓ ఇంటి గుమ్మంలో కూర్చుని నీళ్లు తాగుతోంది. ఇంటాయన వచ్చి, "లే! నువ్వు కూర్చున్న చోటు కడిగించాలి. మీ జాతికి చీపురు చాలు, నీళ్లెందుకు?" అన్నాడు. ఆమె చీపురు విసిరికొట్టి ఏదో అంది. ఏమందో వినబడలేదు.

"ఏటే ఇది? ఆ బాబు కూసిందంతా ఇనబడింది. దాని నోరొక్కటే నొక్కేసినారేటి?" అంది గురవమ్మ.

"నానే నొక్కినానమ్మా. ఆమె అన్నది జాబితాలో ఉంది. ఆయన మాటలో బూతు నేదు."

"ముప్పయ్యేళ్లు ఊడిసినాను. ఆ మాట ఎన్ని గుమ్మాల కాడ ఇన్నానో నీకేటి తెలుసు? అది బూతు కాదేటి?"

టీవీ కట్టేసి గోడవైపు తిరిగి పడుకుంది. మేరీరాణికి సిగ్గేసింది.

సీరియళ్లకున్న జబ్బు తెలిసిందేగా, చూపించిందే మళ్లీ చూపిస్తారు. వారం తిరక్కుండా అదే గుమ్మం, అదే బాబు ఇంకో ఎపిసోడ్‌లో మేరీరాణి చేతికొచ్చారు. ఈసారి ఊడ్చే మనిషి మాటతోపాటు బాబు మాటా తీసేసింది. కారణం దగ్గర 'తిట్టు' అని రాసింది.

స్టూడియో యజమాని శుభంకర్ ఆ కాగితం పట్టుకుని వచ్చాడు. "ఇందులో బూతేముంది? ఛానల్ వాళ్లు తిప్పి పంపారు. తిరిగి పెట్టు" అన్నాడు బెంగాలీలో.

"పెడతాను దాదా" అంది; బెంగాలీలో దాదా అంటే అన్న. "ఆ ఊడ్చే ఆమె మాటా పెడతాను."

"ఆ బూతుకి జరిమానా పడుతుంది! చెప్పినట్టు చెయ్యి. లేదంటే రేపట్నుంచి రావద్దు."

గురవమ్మకి రెండు నెలల్లో రిటైర్మెంటు. ఆపైన క్వార్టర్ ఖాళీ చేయాలి, ఇల్లు ఈ జీతంమీదే నడవాలి. నేనైతే నోరు మూసుకుని పెట్టేసేదాన్ని. మేరీరాణి హెడ్‌ఫోన్లు బల్లమీద పెట్టి లేచి నిలబడింది.

"అందులో తప్పు మాట లేదంటున్నారు కదా. నా మొహం చూసి అదే మాట అనండి. అంటే ఇప్పుడే పెట్టేస్తాను."

పక్కన పనిచేస్తున్న ఇద్దరూ తల తిప్పి చూశారు. శుభంకర్ "నువ్వు కూర్చున్న..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. నాలుగేళ్లుగా ఆమె టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టి తిన్న మనిషి.

"అనండి దాదా. జాబితాలో లేదుగా."

అతను జేబులోంచి పెన్ను తీసి, 'తిట్టు' అన్న మాట పక్కన తన సంతకం పెట్టాడు.