కుర్చీ తీసింది నేనే

ఈ కువైట్‌లో, అబ్బాసియాలో కుట్టు మిషన్ల ముందు కూర్చునే తమ్ముళ్లకు నడుము నొప్పులెలా ఉన్నాయి? మిష్రిఫ్ వంటిళ్లలో చెల్లెళ్లు వేళకు తింటున్నారా? ఫహాహీల్‌లో ఎండన పడి పనిచేసే బిడ్డలు తలకు గుడ్డ చుట్టుకుంటున్నారా? నాకు బీపీ ఉంది, అది ఎప్పుడూ ఉండేదే.

మిష్రిఫ్‌లో నేను పదేళ్లు పనిచేసిన ఇంటి యజమానురాలు పోయింది. ఇక్కడ పనివాళ్లం ఇంటావిడను మామా అనే పిలుస్తాం. వైద్యానికని పుట్టిన ఊరు షికాగో వెళ్లి, అక్కడే పోయింది. ఆ ఇంటి డ్రైవరు, మా రాయచోటి పిల్లోడు, వచ్చి చెప్పాడు.

కువైటీని పెళ్లాడి వచ్చిన మనిషి. ఆమెకూ నాకూ అరబ్బీ సగం సగమే వచ్చు. ఆ రెండు సగాలతోనే మాట్లాడుకునేవాళ్లం. ఇక్కడి సముద్రం చూసి, "మా ఊరి చెరువూ ఇంతే ఉంటుంది, ఉప్పుండదు" అనేది. వాళ్ల ఊళ్లో గాలి ఎక్కువైన రోజు వీధి మలుపుల్లో తాళ్లు కడతారట, పట్టుకుని నడవడానికి. "పిల్లలు కొట్టుకుపోరా?" అని నేను హడలిపోతే, "పక్కవాళ్ల చెయ్యి పట్టుకుంటారు" అనేది.

ఒకసారి దుమ్ముగాలి తగ్గాక వాకిటి ముందు వీధిలో ఇసుక మేట వేసింది. మధ్యాహ్నం భోజనానికి మామా అత్తగారు రావాలి. ఆమెకు మోకాళ్ల నొప్పులు. మామా తనే పార పట్టి కారుకు చోటు చేసి, మధ్యలో వంటింటి కుర్చీ పెట్టి స్నానానికి వెళ్లింది. మా వైపు వీధిలో కుర్చీ వేశారంటే ఇంట్లో ఎవరో పోయినట్టు. అపశకునమని కుర్చీ లోపల పెట్టేశాను. పక్కింటి కారు వచ్చి అక్కడ నిలిచింది. అత్తగారు దూరాన దిగి, ఇసుకలో నడిచి వస్తూ పడిపోయింది. అప్పటినుంచి కర్ర లేనిదే నడవలేదు.

"ఆ చోటు ఎవరు చూసుకోవాలి?" అని అడిగింది ఆ పెద్దామె, అత్తగారు. నా కొడుకు వీసా కాగితాలు ఆ ఇంటివాళ్ల చేతిలోనే ఉన్నాయి. నేను నోరు విప్పలేదు.

"నాదే తప్పు" అంది మామా.

వంటింట్లో నేను ఏడుస్తుంటే, వాళ్ల ఊరి పద్ధతి చెప్పింది. మంచు పడితే ఎవరు తవ్విన చోట వాళ్లు కుర్చీ పెట్టుకుంటారట, ఇస్త్రీ బల్ల పెట్టేవాళ్లూ ఉన్నారట. దాన్ని ఎవరూ కదపరట.

"మా ఊళ్లో అది చావు గుర్తు, మామా."

"మురికి చెరువులో కలవకూడదని మావాళ్లు నదినే వెనక్కి తిప్పారు. నువ్వు ఒక్క కుర్చీ తిప్పావు. ఖలాస్."

నిజం చెప్పేస్తానంటే, "ముందు నీ కొడుకు రానీ" అంది. కొడుకు వచ్చాక, "ఇప్పుడెందుకులే" అంది. అత్తగారు మాత్రం, "ఊడవడం వచ్చు, కాచుకోవడం రాదు" అని ఏళ్ల తరబడి పదిమందిలో ఎత్తిపొడిచేది. మామా టీ పోస్తూ వినేది.

మొన్న డ్రైవరు అన్నాడు: "పెద్దామె ఒకటే ఏడుస్తా ఉండాది అవ్వా. 'నన్ను పడేసింది ఆమే. అయినా నేను మన్నించినాను, దేవుడూ మన్నించాల' అంటాది."

చేయని తప్పుకు మా మామాకు చచ్చాక కూడా మన్నింపు దొరుకుతోంది. నేను వచ్చి పెద్దామెకు నిజం చెప్తానన్నాను.

"ఇప్పుడేం పని అవ్వా? అన్న ఇఖామా, ఇక్కడుండే పర్మిట్టు, ఇంకా వాళ్ల పేరు మీదే ఉండాది. ఊరికి పంపిచ్చేస్తే?"

నాకూ అదే భయం. కొడుక్కి చెప్తే, "నీ ఇష్టం అమ్మా" అని తల దించుకుని కుట్టుకుంటున్నాడు. అయినా పెద్దామెకు కబురు పంపాను. రమ్మంది. గురువారం, సాయంత్రం అసర్ నమాజు అయ్యాక.