వేలి కణుపుతో తిప్పిన పేజీ

మా అక్కది కమలాపురం దగ్గర పల్లె. కాపురానికి వచ్చినప్పటి నుంచి వాళ్ల చర్చిలో ఆదివారం వాక్యం చదివేది ఆమే. నాలాగే బడికి పోయింది తక్కువ. బైబిలు పట్టుకునే చదువు నేర్చుకుంది. ఈ మధ్య చూపు మందగించి, వరుసలు తప్పి చదవసాగింది. పాస్టరు అయ్యగారు మెత్తగానే చెప్పారు, "ఇంక ఎవరైనా చిన్నోళ్లకు ఇద్దామమ్మా" అని. ఆ రోజు అక్క అన్నం ముట్టలేదు.

అది విని అక్క కూతురు ట్యాబ్ కొని, అందులో బైబిలు పెట్టించి ఇచ్చింది. చూడడానికి పోయిన నేను ఊరుకోలేదు.

"ఇన్ని దుడ్లు పోసి ఈ అద్దం ముక్క ఎందుకక్కా? పెద్దచ్చరాల పుస్తకం దొరకదా?"

"దొరుకుతాది. దాన్ని మోసేకి ఇంకో మనిషి కావల్ల. ఊరికే కూచ్చో మే."

అక్షరాలు ఉసిరికాయలంత కనిపించాయి. నాకూ బాగానే ఆనాయి కానీ, ఆ మాట పైకి అనలేదు. చిక్కల్లా వేలితోనే. కలుపు తీసి, శనక్కాయలు వలిచి అక్క వేళ్ల కొసలు ఎండి కాయలు కాచాయి. ఎంత రుద్దినా పేజీ కదలదు. పుస్తకానికి చేసినట్టు వేలిని నాలుకకు అద్దింది.

"దేవుని వాక్యానికి ఎంగిలా!" అని కసిరాను.

"ఏం చేద్దును మే? నేను ముట్టేది దీనికి తెలీడం ల్యా. బతికుండానో లేదో అని అనుమానం దీనికి."

విసుగొచ్చి వేలు మడిచి, తలుపు కొట్టినట్టు కణుపుతో కొట్టింది. పేజీ తిరిగింది! ఇక ఆ వారమంతా అదే పని. నేను అక్కడే ఉండిపోయి పొయ్యి దగ్గరుంటే వసారాలోంచి టక్కు టక్కుమని వినిపించేది. నా వంటింట్లో గరిటె చోటు మార్చినా నేను ఓర్చుకోను. నాకన్నా పెద్దది, ఇంత కొత్తదాన్ని ఎలా ఓర్చుకుందో.

"ఈ ఒక్క వారం చదువుతానయ్యా" అని అయ్యగారిని అడిగి, ఆదివారం నిలబడింది. సగం దాకా నీళ్లు తాగినట్టు చదివింది. పేజీ చివరికొచ్చేసరికి అలవాటుగా వేలి కొసతో తోసింది. కదల్లేదు. మళ్లీ తోసింది. అయ్యగారు తన పుస్తకం తీసుకుని లేవబోయారు. అక్క తల ఎత్తకుండానే వేలు మడిచి కొట్టింది. ఒక్క అక్షరం పొల్లుపోకుండా చివరిదాకా చదివింది.

"వచ్చే వారం అధ్యాయం ఏదో చెప్పి పంపిస్తానమ్మా" అన్నారు అయ్యగారు.

"ఇప్పుడే చెప్పండయ్యా, చూసుకోవల్ల" అంది అక్క. చర్చిలో పరిచిన చాప మీదే కూర్చుని వెతకసాగింది. అన్నానికి పొద్దుపోతోందని నేను పిలిచినా లేవలేదు.