చెర్నాకోల లేని నెల

నా చిన్నప్పుడు కోటబొమ్మాళిలో మా తాతయ్య నోటికి జడవనివాళ్లు తక్కువ. ఆయనకు జట్కా బండి ఉండేది. రైలు దిగినవాళ్లను చుట్టుపక్కల ఊళ్లకి, ఊళ్లవాళ్లను స్టేషనుకి చేరవేసేవాడు. బండి సందు మలుపు తిరగకముందే ఆయన తిట్లు తిరిగి వచ్చేవి. అడ్డొచ్చిన ఎడ్లబండిని, ఎండని, వానని తిట్టేవాడు. అందరికన్నా ఎక్కువ తిట్లు తిన్నది మా గుర్రం. తిట్లతో పోయేది కాదు, చేతిలో చెర్నాకోల కూడా ఆడుతూనే ఉండేది. ఇంట్లో మాతో మెత్తగానే ఉండేవాడు గానీ ఆ మెత్తదనం గడప దాటేది కాదు.

రంజాను నెల మాత్రం ఆయన వేరే మనిషి. నెలవంక కనిపించిన సాయంత్రం చెర్నాకోలని వంటింటి గోడకున్న మేకుకి తగిలించేసేవాడు. పండగ వరకూ అది అక్కడే వేలాడేది. గుర్రాన్ని నాలుకతో టక్కు టక్కుమనిపించి తోలేవాడు. ఊళ్లో మావి కొద్దిపాటి ముస్లిం ఇళ్లే. అయినా మా తాతయ్య తిట్టకపోవడాన్ని బట్టి రంజాను వచ్చిందని ఊరంతటికీ తెలిసిపోయేది. "ఏటి సాయిబూ, నోరు ఇంటికాడే వదిలేసొచ్చినావా?" అని స్టేషను దగ్గర టీ కొట్టువాళ్లు కవ్వించేవాళ్లు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు వెనక ఎన్ని తిట్లు మింగేవాడో ఆయనకే తెలియాలి.

ఒకసారి నేనే అడిగాను, రోజా అంటే అన్నం మానేయడమే కదా, తిట్లెందుకు మానేస్తావని. "అన్నం మానడం సులువేనే అమ్మీ, పొద్దుగూకితే ఎలాగా దొరుకుతాది. కోపమొచ్చినప్పుడు నోరు మూసుకోడం, ఎత్తిన సెయ్యి దింపుకోడం, అదీ రోజా. అది లేకపోతే ఉత్త పస్తే" అన్నాడు. నాకది పెద్దగా ఎక్కలేదు. పెద్దవాళ్లు పిల్లలకు చెప్పే మంచిమాటల్లో అదొకటి అనుకున్నాను.

అరవైల చివర్లో, నేను అయిదో తరగతి చదివే ఏడు, రంజాను వరికోతల రోజుల్లో వచ్చింది. ఆ ఏడు నేనూ ఒక రోజా ఉండి తీరతానని మొండికేశాను. "ఎముకల గూడులాగున్నావు, నీకేటి రోజా?" అని మా నాన్నమ్మ కసిరింది. ఉంటానంటే ఉంటానన్నాను. "ఉండనీ, ఉండలేకపోతే అదే సెప్తాది" అని మా తాతయ్య తీర్పిచ్చాడు. బడి లేని రోజు చూసి ఉన్నాను. పొద్దున్నంతా గర్వంగానే గడిచింది. మధ్యాహ్నానికి నాలుక అట్టకట్టుకుపోయింది. నేను నీళ్ల కుండ చుట్టూ తిరగడం చూసి మా తాతయ్య నన్ను ఎత్తి బండి ముందు, తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం బేరం పక్క పల్లెలోని బుగతది. ఆ పల్లె పొలాల్లో సగం ఆయనవే. మా గుర్రాన్ని కట్టేసే సాల కూడా ఆయన స్థలంలోనిదే. ఊరికే వాడుకోనిచ్చాడు. ఆయన ఎప్పుడు కబురంపినా బండి వాకిట్లో ఉండాలి, అదీ ఒప్పందం. ఆ రోజు విజయనగరంలో వియ్యాలవారింట ముహూర్తం పెట్టుకోవడానికి రైలెక్కాలి ఆయన. మేం వేళకే వెళ్లాం. ఆయనే స్నానమని, పూజని, ఇంకెవరితోనో మాటలని ఆలస్యం చేసి, తీరా బండెక్కాక "పోనీ, తొందరగా పోనీ" అని వెనక నుంచి అరవడం మొదలుపెట్టాడు.

ముందురోజు కురిసిన వానకి దారంతా బురద. వరిమోపుల బండ్లు ఎదురొస్తుంటే పక్కకి తొలగుతూ పోతున్నాం. స్టేషను కనుచూపు మేరలోకి వచ్చాక ఒక ఎత్తు ఎక్కుతుంటే గుర్రం ముందుకాలు జారి మోకాళ్ల మీద పడింది. ఎలాగో లేచింది గానీ ఆ కాలు నేల మీద ఆనించడం లేదు. మా తాతయ్య దిగి కాలు తడిమి చూశాడు.

"ఆగినావేటిరా? కొట్టు!" అన్నాడు బుగత.

"కాలు బెణికినాది బాబూ. దిగి నడిస్తే రైలు అందుతాది. పెట్టె నేను మోసుకొస్తాను."

"బురదలో నేను నడవాలా? కొడితే అదే నడుస్తాది, కొట్టు!"

"కొట్టను బాబూ."

బుగత దిగాడు. చేతిలోని గొడుగు తిరగేసి పట్టుకుని గుర్రం మెడ మీద ఒక్కటిచ్చాడు. నోరులేని ఆ జీవం వణికి వెనక్కి తగ్గింది. ఆయన మళ్లీ గొడుగెత్తాడు. ఈసారి అది గుర్రం మీద పడలేదు. మా తాతయ్య దాన్ని గాలిలోనే పట్టుకున్నాడు.

పక్క మడిలో కోత కోస్తున్న ఆడవాళ్లు కొడవళ్లు చేతుల్లోనే పట్టుకుని నిలబడిపోయారు. బుగత గొడుగుకి అటు చివర, మా తాతయ్య ఇటు చివర. బుగత నోటివెంట రాకూడని మాటలు వచ్చాయి. మా తాతయ్య తల్లిని తిట్టాడు, మా కులాన్ని తిట్టాడు, గడ్డాన్ని తిట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అదే సమయంలో లోపల ఒక సంబరం కూడా. మా తాతయ్య నోరు నాకు తెలుసు కదా, ఇప్పుడు విప్పుతాడు, ఈ బుగత పారిపోయేలా కడిగేస్తాడు అని ఎదురుచూశాను.

"నేను ఉపోసంలో ఉన్నాను బాబూ" అన్నాడు మా తాతయ్య.

బుగత ఇంకా రెచ్చిపోయాడు. ఉపవాసముంటే నాకేటని అరిచాడు. మా తాతయ్య గొంతు కొంచెం కూడా పెరగలేదు. గొడుగు మాత్రం వదల్లేదు.

"ఉపోసంలో ఉన్నాను. తిట్టను. కొట్టను. కొట్టనియ్యను."

"రేపు పొద్దున్నకి నా సాల కాళీ అవ్వాలి!"

"అలాగే బాబూ."

అప్పుడు వదిలాడు గొడుగుని. పెట్టె అందుకోబోతే బుగత లాక్కుని, పంచె ఎత్తిపట్టుకుని బురదలో తనే నడిచాడు. ఆయన సగం దూరం వెళ్లేసరికే రైలు కూత వినిపించింది. మడిలో ఎవరో కిసుక్కున నవ్వారు.

గుర్రాన్ని బండి నుంచి విప్పి, ఖాళీ బండిని మా తాతయ్యే లాక్కుంటూ తిరుగుదారి పట్టాడు. నేను కళ్లెం పట్టుకుని కుంటుతున్న గుర్రం పక్కన నడిచాను. దారిలోనే పొద్దు గూకింది. కాలవ గట్టున ఆగి, ముందు గుర్రానికి నీళ్లు పట్టి, తర్వాత తువ్వాల్లో కట్టుకొచ్చిన ఖర్జూరం నా చేతిలో పెట్టాడు. అది నా జీవితంలో మొదటి ఇఫ్తారు. దాని తీపి కూడా తెలియనంత కోపంలో ఉన్నాను. ఎందుకు తిట్టలేదు, భయమేసిందా అని అడిగాను.

"బయమైతే గొడుగెందుకు పట్టుకుంటానే?" అని నవ్వాడు. తనూ ఒక ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు. "నేనూ తిట్టుంటే ఎవురి నోరు పెద్దదని సూసీవోళ్లు అందరూను. గుర్రం సంగతి మరిసిపోదురు. తిట్టలేదు కాబట్టే దాని కాలు అందరికీ కనబడినాది." మళ్లీ గొంతు తగ్గించి, "మనసులో మాత్రం సానా తిట్టీసేను. అల్లా ఇనే ఉంటాడు" అన్నాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది, ఆకలీ తెలిసింది.

మర్నాటి నుంచి మా గుర్రం మా ఇంటి అరుగు మీదే. ఆ చలికాలమంతా పేడ వాసనలో తిన్నాం, దాని బుసల మధ్య పడుకున్నాం. బుగత మనుషులు మా బండి ఎక్కొద్దని చెప్పి తిరిగారు. బేరాలు పడిపోయాయి. వెళ్లి ఒక్కసారి కాళ్లు పట్టుకోమని మా నాన్నమ్మ ఏడ్చింది. "తప్పు సేస్తే పట్టుకుందును" అన్నాడాయన. అంతకుమించి వాదించలేదు. పస్తులాంటి రోజుల్లో కూడా రోజాలు తప్పలేదు.

పండగ వెళ్లి, గుర్రం కాలు కూడా నయమయ్యాక ఒక రోజు బుగత తల్లే స్వయంగా కబురంపింది. ముసలావిడకి నడుంనొప్పి. మిగతా జట్కాలవాళ్లు గుర్రాన్ని బాది పరిగెత్తిస్తే ఆ కుదుపులకి తట్టుకోలేకపోయేదట. కొడుకు అరుగు మీద నిలబడి చూస్తుండగానే మా బండెక్కి, "నా నడుం నాది. నీకెందుకురా?" అని వాడి ముఖానే అంది. ఆ తర్వాత ఒక్కొక్కరే మళ్లీ ఎక్కసాగారు. సాల మాత్రం మాకు తిరిగి రాలేదు. మా తాతయ్య అడగనూ లేదు.

అంతకుముందే, పండగ మర్నాడు, మా నాన్నమ్మ అలవాటుగా చెర్నాకోల తీసి చేతికిచ్చింది. ఆయన దాని కర్రని మోకాలికి ఆనించి విరిచి పొయ్యిలో పెట్టాడు. "నెలంతా లేకుండా తోలినాను. ఇంకెందుకు?" అన్నాడు. నోరు మాత్రం వారం తిరక్కుండానే పాత దారిలో పడింది. ఆ సంగతి దాచడం ఎందుకు? మా తాతయ్య పుణ్యపురుషుడేం కాదు. కానీ ఏ రంజానుకారంజాను కొంచెం కొంచెంగా తనను తాను వంచుకున్నాడు. పోయేనాటికి ఆయన తిట్లలో బూతులు పోయి విసుగు మాత్రమే మిగిలింది.

నేను పెద్దయి బడిపంతులమ్మనయ్యాను. ఒక పల్లెకి బదిలీ అయిన కొత్తలో, వెలివాడ పిల్లలను తమ పిల్లల సరసన కూర్చోబెట్టొద్దని ఆ ఊరి పెద్ద ఒకాయన తరగతిలోకే వచ్చి కేకలేశాడు. అది రంజాను కాదు. పొద్దున కడుపునిండా తినే బడికి వెళ్లాను. అయినా నేను ఉపవాసంలో ఉన్నాననుకున్నాను. నా నోట్లోకి వచ్చిన మాటలన్నీ మింగేశాను, చెప్పవలసిన ఒక్క మాట తప్ప. "పిల్లలు ఒకరి పక్కన ఒకరే కూర్చుంటారండీ." ఆయన గొంతు పెంచినకొద్దీ ఆ ఒక్క మాటే అదే గొంతుతో చెప్పాను. చివరికి ఆయనే అలిసిపోయి వెళ్లిపోయాడు. నేను సుద్దముక్క అందుకున్నాను. పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడే, ఒకరి పక్కన ఒకరు కూర్చుని పలకలు తీశారు.