చెరువులో దొరికిన ఉద్యోగం

ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఏమడిగినా "వచ్చు" అనడమే మర్యాద అని నేను నమ్మిన రోజులవి. అరవైల మాట. ఇరవై ఒకటో ఏడు నడుస్తోంది, నర్సు చదువు అప్పుడే పూర్తయింది, లోకంలో నాకు రానిదంటూ ఏదైనా ఉంటే ఇంకో వారంలో వచ్చేస్తుందన్న ధీమా. కలకత్తాలో బెహాలా వైపు ఒక చిన్న మిషన్ ఆసుపత్రి ఉండేది. ఇల్లిల్లూ తిరిగి గర్భిణులను చూసొచ్చే పని ఖాళీగా ఉందని మా పాస్టరుగారు చెబితే వెళ్లాను. డాక్టర్ దిది (దిది అంటే అక్క; బెంగాలీ ఆవిడ, మనిషిని కళ్లజోడు మీదుగా చూసేది) అన్నీ అడిగి, చివర్లో "సైకిల్ వచ్చా?" అంది. వచ్చన్నాను. అప్పటికి నేను సైకిల్‌ని ముట్టుకున్నది ఒక్కసారే, అదీ గోడకు ఆనించి ఉన్నదాన్ని పొరపాటున పడేసినప్పుడు.

చేరడానికి తొమ్మిది రోజులు గడువు. మా నాన్న ఖిదిర్‌పూర్ ఓడరేవులో కళాసీ, ఆయనకు తీరిక లేదు. అందుకని నాకు సైకిల్ నేర్పే బాధ్యత మా అమ్మ తీసుకుంది. ఆవిడ శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి పెళ్లయి కలకత్తాలో ఏక్‌బాల్‌పూర్‌కి వచ్చిన మనిషి, జన్మలో సైకిలెక్కి ఎరగదు. కొంగు నడుముకు బిగించి, పక్కింటివాళ్ల సైకిల్ సీటు వెనక పట్టుకుని, మా సందులో నా వెంట పరుగెత్తేది. "తొక్కవే గుంటా, కిందకి సూడకు, నాను అట్టుకునే ఉన్నాను!" అని అరుస్తుండేది. ఆ గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తోందని గమనించిన ప్రతిసారీ నేను పడిపోయేదాన్ని. ఎనిమిదో రోజుకి తిన్నగా వెళ్లడం వచ్చింది. మలుపు తిరగడం, ఆగడం ఉద్యోగంలో చేరాక నేర్చుకోవచ్చులే అనుకున్నాం.

తీరా చేరాక అసలు చిక్కు సైకిల్ కాదని తెలిసింది. నాకు అప్పగించిన పేట ఒక పెద్ద చెరువు చుట్టూ ఉండేది. అక్కడ అందరూ బొడొమా అని పిలిచే ముసలావిడ మాటే శాసనం. ఆవిడ మనవడి భార్యకు ఎనిమిదో నెల. మొదటి రోజు గుమ్మంలో నిలబడగానే బొడొమా నన్ను ఎగాదిగా చూసి, "నీకెంతమంది పిల్లలు?" అంది బెంగాలీలో. నాకింకా పెళ్లే కాలేదన్నాను. "మరి నువ్వొచ్చి మాకేం చెబుతావు?" అని తలుపేసేసింది. ఆ చప్పుడు విని మిగతా ఇళ్లు కూడా వరసగా తలుపులు వేసుకున్నాయి. మూడు వారాలు రోజూ అదే తంతు. డాక్టర్ దిది మంచిదే గాని, "నెలాఖరు దాకా చూస్తాను, ఆ తర్వాత వేరే అమ్మాయిని పంపక తప్పదు" అనేసింది. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని ఏడ్చాను. అమ్మ ఇంకో చేప ముక్క వడ్డించి, "రేపు ఇంకోపాలి ఎల్లు. తలుపేసినారు గానీ కాలిరగ్గొట్టనేదు కదా" అంది.

మర్నాడు పొద్దున వాన వెలిసింది. చెరువు గట్టంతా బురద. ఎదురుగా బాతుల బారు. నాకు ఆగడం ఇంకా సరిగ్గా రాలేదని పాపం వాటికి తెలియదు. బెల్లు మోగలేదు. కంగారులో "తప్పుకోండి, తప్పుకోండి" అని తెలుగులో అరిచాను (బెహాలా బాతులకు తెలుగేం తెలుస్తుంది!). చివరికి తప్పుకున్నది నేనే. బాతులు గట్టు మీద, నేనూ సైకిలూ చెరువులో, గుర్రపుడెక్క ఆకుల మధ్య.

"ఒలమ్మో, ములిగిపోతన్నాను!" అని మా అమ్మ భాషలో గావుకేకలు పెట్టాను. రేవు మెట్ల మీద గిన్నెలు తోముకుంటున్న ఆడవాళ్లంతా లేచారు. అందరిలోకీ పెద్ద గొంతుతో బొడొమా, "దాఁడావ్! దాఁడావ్!" అంటోంది. బెంగాలీలో ఆ మాటకు నిలబడమనీ అర్థమే, ఆగమనీ అర్థమే. వెళ్లిపోయే బస్సుల వెనక జనం దాఁడావ్ అని అరవగా వింటూ పెరిగిన నాకు రెండో అర్థమే తోచింది. మనిషి మునిగి చస్తుంటే ఆగమంటుందేమిటీ ముసల్ది అని ఒళ్లు మండి, నాలుగు మాటలు అందామని లేచి నిలబడ్డాను. నీళ్లు నా నడుం దాకా వచ్చాయి.

 రేవంతా పగలబడి నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. నెలాఖరు దాకా ఎందుకు, ఇవాళే మానేస్తానని చెప్పేద్దాం అనుకున్నాను. అంతలో నా తల మీంచి గుర్రపుడెక్క పువ్వొకటి జారి ముక్కు మీద పడింది. నాకూ నవ్వొచ్చేసింది, ఎంతకీ ఆగలేదు. మెట్ల మీద బొడొమా మనవడి భార్య కడుపు పట్టుకుని ఊగిపోతూ నవ్వుతోంది. అది చూసి నీళ్లలోంచే, "నువ్వు కూర్చో! తడి మెట్ల మీద జారతావు!" అని గదమాయించాను. ఆ పిల్ల టక్కున కూర్చుంది. ఆ పేటలో నా మాట విన్న మొదటి మనిషి తనే.

బొడొమా నా చెయ్యి పట్టి పైకి లాగింది. మూడు వారాలుగా తెరుచుకోని తలుపులోంచి నన్ను లోపలికి తీసుకెళ్లి, మనవడి భార్య ఎర్రంచు చీర (అక్కడ పెళ్లయినవాళ్లు కట్టేది) కట్టుకోమని ఇచ్చి, వేడి టీ, మరమరాలు పెట్టింది. నా సంచీలోంచి నీళ్లోడుతున్న వస్తువులు ఒక్కొక్కటే తీసి ఆరబెడుతూ, ఊదే బూరలాంటి చెక్క గొట్టం చూసి "ఇదేమిటి?" అంది. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినేదన్నాను. నమ్మలేదు. ఆ పిల్లను పడుకోబెట్టి, గొట్టం ఆనించి, సరైన చోటు దొరికాక, బొడొమా చెవిని దానికి ఆనించాను.

ఆవిడ ఊపిరి బిగబట్టింది. తొమ్మిదిమందిని కన్న మనిషి (నలుగురే దక్కారట). కాసేపటికి "ఘోడా" అంది మెల్లగా. "గుర్రం పరుగెత్తుతోంది." ఇంకోసారి విన్నది. మూడోసారి కూడా విని, కళ్లు తుడుచుకుని, గుమ్మంలోకి వెళ్లి పేటంతా వినపడేలా కేకేసింది. "అందరూ రండి! చెరువులో పడ్డ దిది వచ్చింది!"

సాయంత్రం ఎర్రంచు చీరతో ఇంటికెళ్తే అమ్మ నోరు తెరిచింది. "ఇదేటే, పెల్లి సేసుకొచ్చినావా?" జరిగింది చెప్పాను. "ఎవులైనా సూసినారా?" అంది. అందరూ చూశారన్నాను. కాసేపు ఆలోచించి, "మరింకేటి సిగ్గు? సూడాల్సినోల్లందరూ సూసేసినారు. రేపట్నించి నిబ్బరంగా ఎల్లు" అంది.

నిబ్బరంగానే వెళ్లాను, పదకొండేళ్లు. ఆ తర్వాత కూడా చాలాసార్లు పడ్డాను, అన్నీ సైకిల్ మీంచే కాదు. ఇప్పుడు ఆ చెరువు లేదు, పూడ్చి ఇళ్లు కట్టేశారు. నడుం లోతు నీళ్లలో మునిగిపోతున్నానని గోల పెడుతున్న ఆ అమ్మాయి దగ్గరకు వెళ్లి, లేచి నిలబడవే పిచ్చిదానా అని చెప్పాలనిపిస్తుంది ఒక్కోసారి. మళ్లీ వద్దులే, ఇంకాస్త అరవనీ అనుకుంటాను. తొందరగా లేచి ఉంటే, రేవంతా అలా నవ్వేది కాదు, బొడొమా మెట్లు దిగొచ్చి నా చెయ్యి పట్టుకునేదీ కాదు.