పీరయ్య చెప్పిన సింగిల్ యాక్టింగ్

పీరయ్య మంచివాడని నేను రాయను. పగ పట్టడంలో పాము కూడా అతని తర్వాతే. ఎనిమిది నెలలపాటు ఒకే పగను అన్నంలో కలుపుకొని తిన్నాడు. పక్క మంచం మీద పడుకునేవాణ్ని కాబట్టి నాకు తెలుసు.

అతనిది జగిత్యాల దగ్గర పల్లె. పదో తరగతి తప్పాడు. సౌదీలో ఖతీఫ్ దాటాక రోడ్డు పక్కనున్న మా కాంక్రీటు ప్లాంటులో పదకొండేళ్లుగా ఫిట్టరు. చప్పుడు విని గాలి ఎక్కడ కారుతోందో చెప్పేస్తాడు. నా పేరు ఖాజావలి, మాది కడప. అదే ప్లాంటులో స్టోరు చూస్తాను. సామాన్ల పేర్లు చదవడం నాకొచ్చు, వాటి పని అతనికొచ్చు. అలా మాకు కుదిరింది.

కంకర తొట్ల కింద ఇనుప గేట్లుంటాయి. వాటిని తెరిచి మూసేవి గాలి సిలిండర్లు. వాటిలో సింగిల్ యాక్టింగ్, డబుల్ యాక్టింగ్ అని రెండు రకాలు. ఏళ్ల తరబడి లేబులు చూసి ఇచ్చానే గానీ, ఆ మాటలకు అర్థమేమిటో నాకు తెలియదు. ఒకరోజు అడిగితే పీరయ్య నవ్వాడు.

"డబుల్ అంటే, పోవాలన్నా గాలే, రావాలన్నా గాలే. గాలి బందువెడితే పండుకుంటది, ఉలకది పలకది. సింగిల్ అట్ల గాదు. గాలి ఒక్కదిక్కే నూకుతది. బందైందో, లోపలి స్ప్రింగు ఎనుకకు గుంజుతది. మనం గూడ సింగిలే ఖాజాభాయ్. కంపెనీ గాలి కొట్టినన్ని దినాలు ఈడుంటం. బందైతే ఊరు గుంజుకపోతది."

మా గేట్లన్నీ డబుల్. నిరుడు పీరయ్య సెలవు మీద ఊళ్లో ఉండగా మూడో గేటు సిలిండరు చెడింది. స్టోరులో డబుల్ లేదని ఇంజనీరు ఉదయకిరణ్‌కి చెప్పాను. "సింగిల్ పెట్టించెయ్యండి, ప్రొడక్షన్ ఆగకూడదు" అన్నాడు. గేటు దగ్గర పనిచేసేవాళ్లకు ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నాకెందుకులే అనుకున్నాను.

వారం తిరక్కుండానే ఆ గేటులో రాయి ఇరుక్కుంది. అక్కడ పని స్వామిది. నలభై ఏళ్ల మనిషి, పీరయ్య ఊరివాడు, పీరయ్య మాట నమ్మి వచ్చినవాడు. నేర్పినట్టే ముందు గాలి మూశాడు. తర్వాత చెయ్యి పెట్టి రాయి లాగాడు. డబుల్ అయితే గేటు కదిలేది కాదు. ఇది సింగిల్ గనక, ఆ రాయి అడ్డు తొలగగానే స్ప్రింగు గేటును మూసేసింది. స్వామికి మూడు వేళ్లు పోయాయి.

ఉదయకిరణ్ రిపోర్టు రాశాడు: సిలిండరు డబుల్ యాక్టింగ్, గాలి మూసి ఉంటే కదలదు, కదిలింది కాబట్టి పనివాడు గాలి మూయకుండానే చెయ్యి పెట్టాడు. మర్నాడే ఆ గేటును సిలిండరుతో సహా ఊడదీయించి తుక్కులో పడేయించాడు. కట్లు విప్పకముందే స్వామికి ఫైనల్ ఎగ్జిట్ కొట్టి, మళ్లీ రాకుండా ఊరికి పంపేశారు.

ఊళ్లో అందరూ స్వామిదే తప్పన్నారు. అతని భార్య భాగ్యలక్ష్మి కూడా "గాలి మూస్తే అయిపోతుండె గదా" అందట. స్వామి ఫోనులో ఏడ్చాడు. "అన్నా, నేను గాలి బందువెట్టిన. గా ఒక్క ముక్క రాయిపియ్యి."

పీరయ్య సెలవు నుంచి వచ్చీ రాగానే తుక్కులో పడున్న ఆ సిలిండరు చూసి, అది సింగిలని చెప్పడానికి ఇంజనీరు దగ్గరికి వెళ్లాడు. "టెన్త్ ఫెయిలైనోడివి, సింగిల్ డబుల్ నువ్వు నాకు చెప్తావా?" అన్నాడు ఉదయకిరణ్. పీరయ్య బయటికొచ్చాడు. తుక్కులోంచి ఆ గేటును తెచ్చి, కంప్రెసరు గది వెనక గోనెసంచుల కింద దాచాడు. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఇంజనీరుకు వంగి వంగి సలాములు పెట్టాడు. చూస్తే నాకే ఒళ్లు మండేది.

మొన్న రియాద్ నుంచి పెద్ద ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, వచ్చాడు. సేఫ్టీ మీద మీటింగు. గాలి ఎలా మూయాలో చూపించమని సీనియరు ఫిట్టరని పీరయ్యను పిలిచారు. అతను ట్రాలీ మీద ఆ గేటునే తోసుకొచ్చాడు. ఉదయకిరణ్ ముఖం పాలిపోయింది.

పీరయ్య గాలి ఇచ్చి గేటు తెరిచాడు. మధ్యలో గుండ్రాయి పెట్టి గాలి మూశాడు. గేటు రాయిని పట్టుకొని నిలబడింది. మీటరు ముల్లు సున్నాకు దిగింది.

"ఇది మూడో గేటు. స్వామి వేళ్లు పోయింది ఇందులోనే" అన్నాడు హిందీలో, ముదీర్‌కు అర్థమయ్యేట్టు. ఆ తర్వాత ఇంజనీరు వైపు తిరిగాడు. "డబుల్ అని మీరే రాసిన్రు గద సార్. గాలి లేదు. జర ఆ రాయి తీయున్రి."

"గ్లవ్స్ లేవు" అన్నాడు ఉదయకిరణ్.

పీరయ్య తన గ్లవ్స్ విప్పి ఇచ్చాడు.

తీస్తే వేళ్లు పోతాయి, తీయకపోతే పరువు పోతుంది. ముదీర్ చేతులు కట్టుకొని చూస్తున్నాడు. ఉదయకిరణ్ గ్లవ్స్ తొడుక్కున్నాడు, వంగాడు. నిజంగానే చెయ్యి లోపలికి పెట్టాడు. పీరయ్య కళ్లార్పకుండా చూస్తున్నాడు, ఆపలేదు. నాకు స్వామి అరిచిన అరుపు చెవిలో వినబడింది.

"సార్, చెయ్యి తీయండి! అది సింగిల్! నేనే ఇచ్చినా!" అని అరిచాను.

ఉదయకిరణ్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పీరయ్య నన్ను ఒక్క చూపు చూశాడు. ఇంజనీరును కూడా అతను ఎన్నడూ అలా చూడలేదు. పక్కనున్న కడ్డీతో రాయిని ఒక్క పోటు పొడిచాడు. గేటు ధడాలున మూసుకుంది.

మూడోరోజు రిపోర్టు మారింది. సాయంత్రం పీరయ్య స్వామికి ఫోను కలిపి, కాగితం నా చేత చదివించాడు. "పనివాడు గాలి మూసే ఉంచాడు" అన్న ముక్కను స్వామి రెండుసార్లు చదివించుకున్నాడు. భార్యను పిలిచి ఆమెకూ వినిపించాడు. ఆ తర్వాత అడిగాడు.

"అన్నా, ఆ సారు చెయ్యి?"

"మంచిగనే ఉన్నది."

"అదెట్ల? నువ్వు దగ్గరుండి గూడనా?"

పీరయ్య ఫోను నా చేతిలో పెట్టి లేచాడు. "ఈయన్నే అడుగు" అన్నాడు.