తేదీ లేని మెయిళ్లు

ఆసుపత్రిలో అందరూ ఆవిణ్ణి టపాకాయ అంటారు. టపా చూసే మనిషి గనక కొంత, ముట్టుకుంటే పేలుతుంది గనక మిగతా. మెయిల్ సర్వర్ బాధ్యత ఆవిడది. కిటికీ లేని ఆ గదిలో ఏసీ దెబ్బకి ఎండాకాలంలోనూ స్వెట్టర్ విప్పదు.

ఆ పొద్దున వార్డు నర్సు ఏడుస్తూ వచ్చింది. అత్తగారి ఆపరేషన్‌కి సెలవు అడుగుతూ మెయిల్ పెట్టిందట. పరిపాలనాధికారి అలాంటిదేమీ రాలేదంటున్నాడట. చెప్పకుండా మానేసిందని ఉద్యోగం పీకబోతున్నారు, మధ్యాహ్నమే కమిటీ.

టపాకాయ ఓదార్చలేదు. "ముక్కు తుడుచుకుని ఇలా కూర్చో. ఎక్కణ్ణించి పంపావు?"

"వార్డు కంప్యూటర్లో అక్కా. వెబ్‌మెయిల్‌లోంచి."

సర్వర్ రికార్డు ప్రకారం మెయిల్ చేరింది. దాని పైన హెడర్‌లో ఉండాల్సిన తేదీ మాత్రం లేదు. తేదీ లేని దాన్ని అధికారి ఇన్‌బాక్స్ అన్నిటికన్నా పాతదిగా లెక్కేసి అట్టడుగుకి తోసేసింది. ఎందుకని తవ్వేసరికి టపాకాయకి ఒళ్లు మండింది. అధికారి ఈ మధ్య ఆవిడకి చెప్పకుండానే వెబ్‌మెయిల్‌ని వేరే మెషీన్‌లోకి మార్పించాడు. అది మనదేనని సర్వర్‌కి ఎవరూ చెప్పలేదు. మనవాళ్ల మెయిల్‌లో తేదీ లేకపోతే సర్వరే వేస్తుంది, పరాయివాళ్లది ముట్టుకోదు. సొంత కంప్యూటర్లున్న డాక్టర్లకి ఏ ఇబ్బందీ లేదు, అవే తేదీ వేసి పంపుతాయి. వెబ్‌మెయిల్ తప్ప గతిలేని నర్సులు, డ్రైవర్లు, వంటవాళ్లు పరాయివాళ్లయిపోయారు.

కొత్త మెషీన్‌ని మనవాళ్లలో చేర్చి, వెబ్‌మెయిల్‌లోంచి తనకి తనే ఒకటి పంపుకుంది. తేదీ పడింది. కానీ పాతవాటికి పడదు.

ఫోన్ చేస్తే అధికారి సంతోషించాడు. ఇకమీదట బాగుంటుంది కదా, పాతవి కెలకొద్దన్నాడు. కమిటీలో ఈ మాట ఎత్తితే నీ కిందకే నీళ్లొస్తాయన్నాడు.

"నా సంగతి నేను చూసుకుంటాను సార్. మీరు మీ ఇన్‌బాక్స్ తెరిచి ఉంచండి" అని పెట్టేసింది.

కమిటీకి పెద్ద డాక్టరమ్మ అధ్యక్షురాలు. టపాకాయ చెప్పింది విని, సరే, చూపించమంది. అధికారి మూతి ముడుచుకునే తన ఇన్‌బాక్స్‌ని గోడ మీది తెరకెక్కించాడు. టపాకాయ మెయిళ్లు జరుపుకుంటూ జరుపుకుంటూ అడుక్కి పోయింది. నర్సు మెయిల్ అక్కడుంది. తేదీ లేనిది ఎప్పటిదో ఏం నమ్మకమని అధికారి సాగదీశాడు.

"పోయింది పంపినవాళ్ల తేదీ సార్. మన సర్వర్ అందుకున్నప్పుడు కొట్టిన ముద్ర ఎక్కడికి పోతుంది?"

ముద్ర చూపించింది. సెలవుకి ముందు వారమే. డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుని చదివి, నర్సు వైపు తిరిగింది. "నువ్వు డ్యూటీకి వెళ్లమ్మా."

"అయిందిగా, ఇక మూసెయ్" అన్నాడు అధికారి.

ఆ చుట్టుపక్కల తేదీ లేనివి ఇంకా బోలెడున్నాయి. "మిగతావాళ్లేం పాపం చేశారు సార్?" అంటూ టపాకాయ కుర్చీ లాక్కుని పైకి చదవడం మొదలెట్టింది. బ్రేకులు పట్టడం లేదని అంబులెన్స్ డ్రైవర్. గ్యాసు వాసన వస్తోందని వంటామె. డాక్టరమ్మ కలం తీసింది. అధికారి చెయ్యి తెర ప్లగ్గు వైపు వెళ్లింది.

"దాన్ని ముట్టుకోకండి" అంది టపాకాయ, తల తిప్పకుండానే తర్వాతది తెరుస్తూ.