గట్టు మీది ఒట్లు

మా ఎమ్మిగనూరు ఉరుకుందప్పకు ఉన్నది ఒకే ఒక్క అలవాటు: కొత్త అలవాటు మొదలుపెట్టడం. అమావాస్య దాటితే చాలు, ఏదో మానేస్తాననో, ఏదో సాధిస్తాననో తన మగ్గం మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకునేవాడు. వారం తిరక్కుండానే ఆ ఒట్టును నిండుకుండలా రెండు చేతులా మోసుకుపోయి, చేదబావి గట్టున దించి వచ్చేవాడు. గట్టున దించిన ఒట్టు తప్పినా దోషం అంటదని ఆయన శాస్త్రం.

నీళ్ళకు పోయిన ఆడవాళ్ళు, "సూసి దించక్కా కడవ! ఈడంతా ఉరుకుందప్ప ఒట్లుండాయి" అని నవ్వుకునేవారు.

ఆదోనికి జట్కా తోలే మాబు సాబ్‌తో కలిసి, కోడి కూయకముందే లేస్తానని పెట్టుకున్న ఒట్టు గట్టు చేరింది. పక్కింటి భీమమ్మతో కలిసి, ఇంట్లో గొంతు పెంచనని పెట్టుకున్న ఒట్టు ఆ సాయంత్రానికే చేరింది. నిలవని ఒట్లు ఈ మనిషి ఎందుకు పెట్టుకుంటాడా అన్నది ఎదురింటివాణ్ణయిన నాకు తీరని సందేహం.

ఇంతలో పక్క మగ్గం హనుమన్నకు ఆపద వచ్చింది. అతని బీడీ నిప్పురవ్వ పడి చీర అంచుకు బొక్క పడింది. "ఇంగొక చీర కాలిందంటే నీకు నూలియ్యను" అన్నాడు సావుకారు. నూలు లేకపోతే మగ్గం లేదు, మగ్గం లేకపోతే పొయ్యి వెలగదు. హనుమన్న పొద్దున బీడీ మానేవాడు. సాయంత్రానికి అది చెవి సందున మొలిచేది.

"రా హనుమన్నా, నేనూ మానతాండా. పెట్టు చెయ్యి!" అన్నాడు ఉరుకుందప్ప.

ఆ వారంలోనే బావి దగ్గర ఉరుకుందప్ప బీడీతో దొరికాడు. ఊపిరాడక దగ్గుతున్నాడు. వ్యసనం ఎంత ముదిరిందో అని జాలిపడ్డాను.

"ఒట్టేమైంది?"

"గట్టున... దించినా... న్నా!"

వెనకనుంచి హనుమన్న ఊడిపడి బీడీ లాగి తొక్కేశాడు. "థూ! నువ్వూ ఒక మొగోనివేనా? నన్ను సూసి నేర్సుకోప్పా. మళ్ళీ ముట్టినానా నేను?"

అది మొదలు హనుమన్న రోజూ వచ్చి ఉరుకుందప్ప నోరు వాసన చూసేవాడు. ఈ కాపలాలో తన బీడీ సంగతే మరిచాడు. దసరాకు సావుకారు అతనికి పట్టు అంచు చీరలే అప్పగించాడు.

నేను ఉండబట్టలేక ఉరుకుందప్ప భార్య నాగమ్మను అడిగాను. "ఇంతకీ ఈయనకు బీడీ ఎప్పట్నుంచమ్మా?"

"యాడి బీడీ అన్నా! హనుమన్నతో మానడానికని నేర్సుకున్నాడు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని మూతి కాల్సుకున్నాడు!"

మగ్గం దగ్గరే ఉన్న ఉరుకుందప్ప తల గోక్కున్నాడు. "ఒట్టు నిలుపుకునేటోడు పక్కనుంటే తప్పినోడు సిగ్గుతో సస్తాడన్నా. తప్పేటోడు పక్కనుంటే, వాన్ని తిట్టేదానికైనా నిలబడతాడు."

అప్పుడు గుర్తొచ్చింది. మాబు సాబ్ రోజూ చీకటితోనే జట్కా కట్టి, "లేసినావా సోమరీ?" అని ఈ ఇంటి ముందు కేకేసి మరీ పోతాడు. భీమమ్మ అత్తగారు కోడల్ని మెచ్చుకుంటూ ఊరంతా తిరుగుతోంది. ఆయన ఒట్లన్నీ గట్టు మీదే ఉన్నాయి. గట్టెక్కింది మాత్రం మనుషులు.

"ఈ మాట హనుమన్నకు సెప్పొద్దన్నా. ఒట్టెయ్!"

గంభీరంగా మగ్గం మీద చెయ్యి వేశాను. ఇది రాయడానికి కూర్చోబోయే ముందు బావిదాకా వెళ్ళి వచ్చాను. గట్టు మీద చోటు దొరకడమే కష్టమైంది.